సౌండు వినబడితే ఆపుతారు, ప్రమాదం కనబడితే ఆపరేం?

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి ట్రాఫిక్ పోలీసులంటే పడదని చాలామంది అనుకుంటారు. నాకైతే అలాంటిదేం లేదు. మే నెల ఎండలో, ఆ పొగలో, ఆ హారన్ల మధ్య డ్యూటీ అయిపోయేదాకా చౌరస్తాలో నిలబడే మనిషి మీద నాకెప్పుడూ గౌరవమే. నా కోపం వేరే. రోడ్డు మీద ఎవరిని ఆపాలి, ఎందుకు ఆపాలి అనేది చట్టాన్ని బట్టి కాకుండా బండి వాలకాన్ని బట్టి తేలిపోతోంది. ఎర్ర రంగు, కాస్త కిందికి దిగిన సస్పెన్షన్, పెద్ద అలాయ్ చక్రాలు, వెనక కొంచెం లావుపాటి సైలెన్సర్ ఉంటే చాలు, చెయ్యి లేస్తుంది. అదే టైముకి పక్కనుంచి బ్రేక్ లైటు ఒక్కటి కూడా వెలగని ఇసుక టిప్పర్, నంబర్ ప్లేటు నిండా బురదతో, దర్జాగా వెళ్లిపోతుంది. చెయ్యి లేవదు. ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను, ఒకసారి కూర్చుని వివరంగా రాయాలనిపించింది.

నాది హైదరాబాద్. బండి పోలో జీటీ టీఎస్ఐ, 1.2 లీటర్ల టర్బో పెట్రోల్. మన దేశంలో పోలో తయారీ 2022లోనే ఆపేశారు, అందుకని ఉన్నవాళ్లం దాన్ని చాలా జాగ్రత్తగా చూసుకుంటాం. ఆదివారం తెల్లవారకముందే లేచి నలుగురైదుగురం కలిసి శంకర్‌పల్లి మీదుగానో చేవెళ్ల మీదుగానో వికారాబాద్ వెళ్లి, అనంతగిరి ఘాట్ ఎక్కి దిగి, ఎక్కడో ఒకచోట ఇడ్లీ వడ తిని, ఎండ ముదరకముందే ఇంటికొచ్చేస్తాం. మా గుంపులో ఒక పళ్ల డాక్టర్ ఉన్నాడు, ఇద్దరు సాఫ్ట్‌వేర్ వాళ్లు ఉన్నారు, బాలానగర్‌లో లేత్ మిషన్ల షాపు నడిపే పెద్దాయన ఒకరున్నారు, ఆయనది మా నాన్న వయసు, పాత మారుతి ఎస్టీమ్‌ని ఇప్పటికీ షోరూమ్ నుంచి తెచ్చినట్టే ఉంచారు. రాత్రి తాగి పొద్దున్నే వచ్చేవాడికీ, ఊళ్ల మధ్యలో స్పీడు తొక్కేవాడికీ మా దగ్గర చోటు లేదు, ఒకసారి అలా చేస్తే రెండోసారి పిలవం. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మోడిఫై చేసిన బండి కనబడగానే "రేసర్ పోరగాళ్లు" అని ముద్ర వేసేస్తారు, గొడవంతా ఆ ముద్రతోనే మొదలవుతుంది.

మొన్న చలికాలంలో ఒక చెకింగ్ దగ్గర జరిగింది చెప్తాను, ఎక్కడన్నది అనవసరం. బారికేడ్లు పెట్టి బండ్లన్నిటినీ ఒక్క లైన్లోకి తెస్తున్నారు. నా ముందు ఒక షేర్ ఆటో, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు కూర్చున్నారు, వెనక ఎంతమంది ఉన్నారో లెక్కే లేదు, వదిలేశారు. దాని ముందు హెల్మెట్ లేని బైకు, వదిలేశారు. నా బండి రాగానే "సైడుకు పెట్టు" అన్నారు. పెట్టాను, ఇంజిన్ ఆపాను, అద్దం దించాను. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అన్నీ ఫోన్‌లో డిజిలాకర్ తెరిచి చూపించాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు నన్ను ఆపిన పోలీసాయన బండి వెనక్కి వెళ్లారు. మోకాళ్ల మీద వంగి సైలెన్సర్ గొట్టంలోకి టార్చి వేసి చూశారు, బొటనవేలితో అంచు రుద్ది, వేలికి అంటిన మసి నాకు చూపించి "ఇది కంపెనీదేనా?" అని అడిగారు. కాదు సార్, వెనక మఫ్లర్, అంటే సౌండు తగ్గించే డబ్బా ఒక్కటే మార్చాను, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కంపెనీదే ఉంది అన్నాను. "స్టార్ట్ చెయ్. ఎక్సలేటర్ తొక్కు." తొక్కాను. "ఇంకా తొక్కు." ఇంకా తొక్కాను. ఇంజిన్ నాలుగు వేల ఆర్‌పీఎం మీద ఉంటే ఏ బండైనా అరుస్తుంది కదా. ఆయన తల ఊపి "సౌండు ఎక్కువుంది" అన్నారు. ఎంత ఎక్కువుంది సార్, ఎంత ఉండాలి అని అడిగాను, గొంతు పెంచలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాను. పక్కనున్న ఇంకొకాయన అందుకుని "రూల్స్ మాకు చెప్తున్నవా తమ్మీ?" అన్నారు. అంతే, ఇక మాట లేదు. ఫొటో తీసి చలాన్ వేశారు. నా వెనకాలే మా డాక్టర్ వస్తున్నాడు, వాడి బండికి కంపెనీ నుంచే స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ వచ్చింది, నా దానికంటే పెద్ద సౌండు. దాన్ని ఆపనే లేదు.

చలాన్ కట్టేశాను. డబ్బు పెద్ద లెక్కలోది కాదు. కానీ "ఎంత ఎక్కువ" అన్న ప్రశ్నకి జవాబు రాకపోవడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు, ఎందుకంటే దానికి జవాబు ఉంది, చట్టంలోనే అంకెతో సహా ఉంది. మన దేశంలో కొత్త ప్యాసింజర్ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి రావాలంటే శబ్దం 74 డెసిబెల్స్ దాటకూడదు. 175 సీసీ దాటిన మోటార్‌సైకిల్‌కి 80 దాకా ఒప్పుకుంటారు. ఆ కొలతకి కూడా పద్ధతి ఉంది, బండి ఒక గీత వెంట వెళ్తుంటే ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. గొట్టం పక్కన చెవి పెట్టి ఫుల్‌గా ఎక్సలేటర్ తొక్కించి కొలవరు. రోడ్డు మీద ల్యాబ్ టెస్టు పెట్టమని నేను అడగడం లేదు, అది కుదరదని నాకూ తెలుసు. కనీసం చేతిలో పట్టుకునే సౌండ్ మీటరు ఒకటి ఉండాలి కదా, ఇంత దూరంలో ఇంత ఆర్‌పీఎం దగ్గర ఇంత దాటితే తప్పు అని ఒక కాగితం ఉండాలి కదా. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ ప్రమాణాలు తప్పితే మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత అని రాసుంది. అంత పెద్ద శిక్ష ఉన్న నేరాన్ని ఒక మనిషి చెవి మీద వదిలేయడమంటే నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం ఎంతుందో చెప్పడమే.

ఎలా చేస్తే బాగుంటుందో వీళ్లకి తెలియదా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్ టెస్టులు చూడండి. శుక్రవారం, శనివారం రాత్రి జూబ్లీహిల్స్ వైపు వెళ్తే బెంజ్ కారునీ ఆపుతారు, ఆటోనీ ఆపుతారు, నా పోలోనీ ఆపుతారు. గొట్టంలోకి ఊదమంటారు. మిషన్ మీద ఒక అంకె పడుతుంది. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, దాటకపోతే "వెళ్లండి". వాదన లేదు, బతిమాలుకోవడం లేదు, నువ్వు ఎలా కనబడుతున్నావన్నది లెక్కలోకే రాదు. వీళ్లు అన్యాయంగా పట్టుకున్నారని ఎవరైనా అనడం నేను వినలేదు, పట్టుబడినవాళ్లు కూడా అనరు. అదే డిపార్టుమెంటు, అదే బారికేడ్లు, చాలాసార్లు అదే మనుషులు. చేతిలో కొలిచే సాధనం ఉన్నప్పుడు ఎంత పద్ధతిగా ఉంటున్నారో, లేనప్పుడు ఎంత ఇష్టారాజ్యంగా ఉంటోందో చూస్తే నాకు అర్థమైంది అదే. లోపం మనుషుల్లో కంటే పద్ధతిలో ఎక్కువుంది.

ఇక మోడిఫికేషన్ చట్టం. అందరూ సెక్షన్ 52 అంటారు, చదివినవాళ్లు తక్కువ. ఆర్సీలో రాసిన వివరాలకీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, స్థూలంగా అది చెప్పేది ఇంతే. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. నాకు ఆ తీర్పుతో పేచీ లేదు. బాడీ కోసేసి, ఛాసిస్ వెల్డింగ్ చేసి, జీపుని ఇంకేదో చేసి రోడ్డెక్కిస్తే అది ఎదుటివాడి ప్రాణానికి ముప్పు. బండి ముందు బిగించే ఇనుప కమ్మీలు, అదే బుల్ బార్లు, వద్దని కేంద్రం 2017 డిసెంబరులో రాష్ట్రాలకి రాసినప్పుడు కూడా నేను సమర్థించాను, పాదచారికి తగిలితే కాలు నుజ్జవుతుంది, ముందు వైపు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ల లెక్క కూడా తప్పుతుంది. నా అభ్యంతరమల్లా, మార్పు అనగానే అన్నిటినీ ఒకే గాటన కట్టడం మీద. 182ఎ(4) కింద ఓనర్ చేసిన ఒక్కో మార్పుకి ఐదువేలు లేదా ఆరు నెలల దాకా జైలు. మంచి బ్రేక్ ప్యాడ్లు వేసుకున్నవాడు, నాసిరకం లైట్లు బిగించి ఎదుటివాడి కళ్లు పోగొట్టేవాడు, ఇద్దరూ ఆ పదం కిందికి వచ్చేస్తారా? రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి తేల్చలేడు. అందుకే కనబడిందాన్ని పట్టుకుంటాడు. ఈసీయూ రీమ్యాప్ చేయించి, అంటే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్పించి, ముప్పై నలభై హార్స్‌పవర్ పెంచుకున్న బండి బయటికి కంపెనీ బండిలాగే ఉంటుంది, దాన్ని ఎవరూ ఆపరు. డోరు మీద స్టిక్కరున్న ఆల్టోని ఆపుతారు.

స్టుట్‌గార్ట్‌లో ఉండే మా వరంగల్ స్నేహితుడు అక్కడి పద్ధతి చెప్తుంటే కుళ్లు పుడుతుంది. జర్మనీలో స్ప్రింగులు మార్చినా, ఎగ్జాస్ట్ మార్చినా, ఆమోదం ఉన్న పార్టు అయితే దాని కాగితం బండిలో పెట్టుకోవాలి, లేదంటే టీయూవీ లాంటి సంస్థ దగ్గరికి బండి తీసుకెళ్తే ఇంజినీరు చూసి, సరిగ్గా ఉంటే రాసిస్తాడు, అది బండి కాగితాల్లోకి ఎక్కుతుంది. పోలీసు ఆపితే ఆ కాగితం చూపిస్తాడు. ఫెయిలైతే విప్పేస్తాడు. డబ్బు ఖర్చే, ఓపిక ఖర్చే, కానీ దారంటూ ఉంది. మనకి కలర్ మార్చుకోవడానికి ఆర్టీఓ దగ్గర దారి ఉంది, సీఎన్‌జీ కిట్‌కి దారి ఉంది. ఒక మఫ్లర్ తీసుకెళ్లి "కొలిచి చెప్పండి, ఎక్కువుంటే తీసేస్తాను" అని అడగడానికి మామూలు ఓనర్‌కి ఒక కౌంటరు లేదు. దారి మూసేసి, దారి తప్పావని ఫైన్ వేస్తున్నారు.

సన్‌ఫిల్మ్ సంగతి కూడా ఇంతే, కాకపోతే ఇందులో నాకు కోర్టు మీద కూడా కాస్త అసంతృప్తి ఉంది. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అద్దాల మీద ఏ రకం నల్ల ఫిల్మూ అతికించొద్దంది. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని రూల్, అది కూడా అద్దం తయారీలోనే రావాలి తప్ప మీద అతికించకూడదని. నేరాలు ఆపడానికి అన్నారు, అది నేను కాదనను. కానీ రామగుండంలో, విజయవాడలో మే నెలలో కారు ఎండలో పెట్టి రెండు గంటల తర్వాత డోరు తీస్తే సీటు బెల్టు బకిల్ చేతికి చురుక్కుమంటుంది. చంటిపిల్లని వెనక సీట్లో కూర్చోబెట్టిన తల్లి తువ్వాలు తెచ్చి అద్దానికి అడ్డం పెట్టుకుంటుంది, దానిలోంచి వెలుతురు సున్నా, దానికి చలాన్ లేదు. 70 శాతం వెలుతురు వదిలే లేత ఫిల్మ్ వేసుకుంటే మాత్రం బ్లేడుతో గీకేస్తారు. 2021 నుంచి రూల్స్‌లో సేఫ్టీ గ్లేజింగ్ అన్న మాట చేరింది, లోపలివైపు ప్లాస్టిక్ పొర ఉన్న అద్దం కూడా అందులోకి వస్తుంది, దాని ఆధారంగా కేరళ హైకోర్టు 2024 సెప్టెంబరులో వెలుతురు శాతాలు పాటిస్తే ఫిల్మ్ తప్పు కాదని చెప్పింది. అక్కడ ఒప్పు, ఇక్కడ తప్పు. ఇక్కడ కూడా వెలుతురు కొలిచే చిన్న మీటరు చాలు, అద్దానికి అటూ ఇటూ పెడితే శాతం చూపిస్తుంది. హైదరాబాద్ పోలీసులు 2022లో ఫిల్మ్ డ్రైవ్ పెట్టినప్పుడు పేరున్న సినిమా నటుల కార్లకి కూడా ఫిల్మ్ పీకేశారు, అది నాకు నచ్చింది, మెచ్చుకోవాలి. తర్వాత మళ్లీ జెండా కట్టిన నల్లద్దాల బండ్లు నగరంలో ఎన్ని తిరుగుతున్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం.

స్పీడు విషయంలో నా అభిప్రాయం మా వాళ్లలో చాలామందికి నచ్చదు. కెమెరాలు ఉండాలి. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్రం లెక్క, అందులో 71 శాతం ఓవర్ స్పీడు ఖాతాలో రాశారు. ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు ఏ కారణమూ తట్టకపోతే "అతివేగం, అజాగ్రత్త" అని రాసేయడం మనకి అలవాటే, కాబట్టి ఆ 71 శాతాన్ని నేను పూర్తిగా నమ్మను, కానీ సగం తీసేసినా అది భయంకరమైన అంకె. స్పీడు చంపుతుంది, ఎంత మంచి డ్రైవర్‌నైనా. కాబట్టి కెమెరా వద్దని నేను అనను. కెమెరా ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి అన్నదే నా పేచీ.

2021 ఆగస్టులో కేంద్రం 167ఎ అనే రూల్ తెచ్చింది. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి, పరికరానికి ఏటా ఆమోద పత్రం ఉండాలి, ప్రమాదాలు ఎక్కువ జరిగే చోట్ల పెట్టాలి, తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలి. చాలా మంచి రూలు. ఎందుకంటే బోర్డు చూసి జనం స్పీడు తగ్గిస్తే అక్కడ ప్రాణం మిగులుతుంది, అసలు కావలసింది అదే. చెట్టు చాటున ట్రైపాడ్ పెట్టి, ఫ్లైఓవర్ దిగే వాలులో స్పీడ్ గన్ పట్టుకుంటే స్పీడు తగ్గదు, చలాన్ల సంఖ్య పెరుగుతుంది, అంతే. నెల తర్వాత వచ్చిన చలాన్ చూసి ఎవడు బ్రేక్ వేస్తాడు? హైదరాబాద్‌లో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకి 60, డివైడర్ లేకపోతే 50, కాలనీల్లో 30 అని 2022లో నోటిఫికేషన్ ఇచ్చారు. మీ ఇంటి ముందు రోడ్డు మీద ఎంత లిమిటో చెప్పే బోర్డు ఎక్కడైనా ఉందేమో ఈ సాయంత్రం చూడండి.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంకా చిత్రం. 158 కిలోమీటర్ల రోడ్డు, 2023లో లిమిట్ మళ్లీ 120 చేశారు, కుడివైపు రెండు లేన్లకి 120, ఎడమవైపు రెండిటికి 80, ఎక్కడైనా సరే 40కి తగ్గకూడదు. సరైన రూలే. ఇప్పుడు రాత్రి పదకొండుకి ఎక్కి చూడండి. కుడి చివరి లేన్లో సిమెంటు లోడు లారీ 35 మీద పాకుతూ ఉంటుంది, వెనక రిఫ్లెక్టర్ ఉండదు. ఇంకొంచెం ముందుకెళ్తే టైరు పంక్చరైన లారీ లేన్లోనే ఆపి ఉంటుంది, ఇండికేటర్ వేసి ఉండదు, రెండు రాళ్లు పెట్టి ఉంటారు. ఔటర్ మీద ఆగిన లారీని వెనక నుంచి గుద్ది కుటుంబాలకు కుటుంబాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం. 126 మీద వెళ్లిన కారుకి 1,035 రూపాయల చలాన్ తప్పకుండా వస్తుంది, అది వెయ్యి ఫైనూ ముప్పై ఐదు సర్వీసు ఛార్జీనీ. కుడి లేన్లో 35 మీద వెళ్లిన లారీకి చలాన్ వచ్చిందని ఇంతవరకూ నేనెక్కడా వినలేదు. రెండూ అదే రూల్లో రాసి ఉన్నాయి. ఒకటి కెమెరాకి దొరుకుతుంది, రెండోది దొరకబుచ్చుకోవాలని ఎవరూ అనుకోలేదు.

చలాన్లలో న్యాయం గురించి మాట్లాడితే డిస్కౌంట్ల గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాం? 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద బైకులకి 75 శాతం, కార్లకి 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో మళ్లీ, బైకులకి 80, కార్లకి 60, ఆర్టీసీ బస్సులకి 90. గడువు కూడా పొడిగించుకుంటూ పోయారు. వచ్చిన రోజే కట్టిన మా లేత్ షాపు పెద్దాయన నన్ను అడిగారు, "మరి నేను ఎందుకు కట్టినట్టు బాబూ?" అని. ఏం చెప్పాలి? రోజువారీ కూలి చేసుకునేవాడికి వెయ్యి రూపాయలు నిజంగా బరువే, వాళ్లకి తగ్గించడం సబబే. కానీ ఇరవై చలాన్లు పెట్టుకుని దర్జాగా తిరిగే పెద్ద కారువాడికీ అదే డిస్కౌంట్ అంటే ఒప్పుకోలేం. ఫిన్లండ్‌లో తప్పు కాస్త పెద్దదైతే జరిమానా ఆదాయాన్ని బట్టి వేస్తారు, 2023లో అక్కడి ఓలాండ్ దీవుల్లో 50 జోన్‌లో 82 మీద వెళ్లిన ఒక వ్యాపారవేత్తకి 1,21,000 యూరోలు పడింది. మన దగ్గర కోటి రూపాయల కారుకీ నా పోలోకీ అదే 1,035. వాళ్లకి అది పార్కింగ్ టికెట్టు కింద లెక్క, ఫాస్ట్‌ట్యాగ్ డబ్బులతో పాటు కట్టేస్తారు. మనకి ఫిన్లండ్ పద్ధతి ఇప్పట్లో కుదరదు, ఆదాయాల లెక్కలే సరిగ్గా లేవు. కనీసం మళ్లీ మళ్లీ అదే తప్పు చేసేవాడికి ఫైను పెరుగుతూ పోవాలి, డిస్కౌంట్ రాకూడదు.

తప్పుడు చలాన్ వస్తే ఏమవుతుందో మా బావ అనుభవం చెప్తాను. ఆయన కారు నంబరు మీద హెల్మెట్ లేదని చలాన్ వచ్చింది. ఫొటో తెరిస్తే స్కూటరు, దాని మీద ఎవరో కుర్రాడు, నంబర్ ప్లేటులో చివరి అంకె సగం విరిగి ఉంది, చూసినవాళ్లు మూడుని ఎనిమిది అనుకున్నారు. చిన్న విషయం, ఎవరికైనా పొరపాటు జరగొచ్చు. కానీ సరిచేసుకోవడానికి తిరగాల్సింది మాత్రం మా బావే. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాడు, జవాబు రాలేదు, ఆఫీసుకి వెళ్లాడు, సార్ లేరు రేపు రమ్మన్నారు, చివరికి సెలవు పెట్టి వెళ్లి తీయించుకున్నాడు. ఆయన పట్టుదల మనిషి కాబట్టి వెళ్లాడు, మిగతావాళ్లు పోతే పోనీ అని కట్టేస్తారు. కారుకి హెల్మెట్ చలాన్ వేసే ముందు బండి రకం సరిపోల్చుకునే పని కంప్యూటర్ చేయగలదు, ఆ మాత్రం పెట్టుకోలేదు. చేయని తప్పుకి రుజువులు తెచ్చుకోవలసింది బండివాడే అయితే అది న్యాయం ఎలా అవుతుంది?

చట్టంలో మంచివి లేవా అంటే, ఉన్నాయి, చదివితే నాకు ఆశ్చర్యమేసింది కూడా. 2019 సవరణలో 210బి అని ఒక సెక్షన్ ఉంది, ఈ చట్టాన్ని అమలు చేసే అధికారులే తప్పు చేస్తే మామూలు జరిమానాకి రెట్టింపు కట్టాలి. 198ఎ అని ఇంకొకటి, రోడ్డు డిజైన్‌లోనో నిర్మాణంలోనో ప్రమాణాలు పాటించక ఎవరైనా చచ్చిపోతేనో వికలాంగులైతేనో కాంట్రాక్టరు, కన్సల్టెంటు, బాధ్యతగల అధికారి లక్ష దాకా కట్టాలి. రెండూ అమల్లో ఉన్న సెక్షన్లే. సీటు బెల్టు లేకుండా వెళ్లే పోలీసు వాహనం ఫొటో తీసి జనం పెడితే అప్పుడప్పుడు చలాన్ వేసి స్క్రీన్‌షాట్ పెడుతున్నారు, మంచిదే, కానీ జనం అడిగితేనా? గుంత వల్ల పడి చనిపోయిన బైకు కుర్రాడి మీదే "అజాగ్రత్తగా నడిపి" అని రాసిన రోజులున్నాయి ఇక్కడ. నా సైలెన్సర్ కోసం మోకాళ్ల మీద వంగిన ఓపికలో సగం ఆ గుంత దగ్గర వంగి చూడడానికి పెడితే ఎంత బాగుండును.

మా వైపు తప్పు లేదా? ఉంది, దాన్ని దాచి రాస్తే ఈ పోస్టుకి విలువుండదు. రాయదుర్గంలో టీ-హబ్ చుట్టూ శనివారం అర్ధరాత్రి బైకు ముందు చక్రం గాల్లోకి లేపి వీలీలు చేసేవాళ్లు, ఔటర్ మీద లైవ్ పెట్టి 200 కొట్టేవాళ్లు, అపార్ట్‌మెంట్ల కింద రాత్రి రెండింటికి లాంచ్ కంట్రోల్ (ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా దూకించే సెట్టింగు) చూపించేవాళ్లు, వీళ్లంతా మా పేరు చెప్పుకునే తిరుగుతారు. వీళ్లని పట్టుకుని 189 సెక్షన్ కింద రేసింగ్ కేసు పెట్టండి, బండి సీజ్ చేయండి, నేను చప్పట్లు కొడతాను. సైలెన్సర్లన్నీ వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించే వీడియోలు పెడుతుంటారు కదా, వాటిలో చాలావరకు నిజంగానే భరించలేని సౌండు చేసేవే, పసిపిల్లలూ గుండె జబ్బులవాళ్లూ ఉన్న వీధుల్లో తిరిగినవే. నాకు వాటి మీద జాలి లేదు.

కానీ కుర్రాళ్లకి స్పీడు కావాలి, అది ఎక్కడ తీర్చుకోవాలో కూడా చెప్పాలి. పెద్ద రేస్ ట్రాక్ అంటే మాకు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, లేదంటే కోయంబత్తూరులో కరి, లేదంటే గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. హైదరాబాద్ నుంచి వీటన్నిటిలో దగ్గరిదైన చెన్నై ట్రాకే ఆరొందల కిలోమీటర్ల పైన. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు పెట్టారు, నెక్లెస్ రోడ్డు మూసేశారు, నగరమంతా ట్రాఫిక్‌లో ఇరుక్కుంది, మరుసటి ఏడాది రేసు రద్దయింది. అంత ఆర్భాటం అక్కర్లేదు. నగరానికి దూరంగా, ఇళ్లు లేని చోట, ఒక కిలోమీటరు తిన్నని తారు, చివర రెండు మలుపులు, పక్కన ఒక అంబులెన్సు, టికెట్ రెండు వేలు పెట్టండి. శనివారం టీ-హబ్ దగ్గర కనబడే మొహాల్లో సగం అక్కడే కనబడతాయి.

సౌండ్ మీటరు సంగతి కూడా తేల్చేసుకుందాం. ట్రాఫిక్ విభాగం వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మాట ఇది. ఏదైనా ఒక ఆదివారం పొద్దున, మీరు చెప్పిన గ్రౌండ్‌కి, మీరు చెప్పిన టైముకి మా గుంపు కార్లన్నీ తీసుకొస్తాం. మీటరు మీరు తెండి, లేదంటే మేమే చందా వేసుకుని కొంటాం. ఎంత దూరంలో పెట్టాలో, ఎంత ఆర్‌పీఎం దగ్గర చూడాలో, ఎంత దాటితే తప్పో ముందే కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఒక్కొక్క బండీ కొలవండి, దాటినవాటికి అక్కడికక్కడే చలాన్ రాయండి, దాటనివాటికి ఒక చీటీ ఇవ్వండి, తర్వాతి బారికేడ్ దగ్గర చూపించుకోవడానికి. లైన్లో మొదటి బండి నాది పెడతాను.